ఒక్క వేలితో తిరిగే స్టీరింగు

కారును గోడకు గుద్దినవాళ్లను చూశాను, కరెంటు స్తంభానికి గుద్దినవాళ్లను చూశాను. పాపం వాళ్లంతా ఏదో తొందరలోనో పరధ్యానంలోనో గుద్దినవాళ్లు. పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టించి, చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి, 'ఇప్పుడు చూడండి' అని చెప్పి మరీ, పోవాల్సిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కుకు కారు తోలినవాడు మా జహీరాబాద్ చుట్టుపక్కల నేనొక్కడినే. ఆ బిరుదు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరూ పోటీకి రాలేదు. అదెట్లా జరిగిందో చెబుతాను. నవ్వేవాళ్లు మొహమాటపడకుండా నవ్వండి. మా ఆవిడ ఎలాగూ నవ్వుతూనే ఉంది.

నాకు జహీరాబాద్ బజారులో స్పేర్ పార్టుల దుకాణం ఉంది. సామాను అమ్మేవాడికీ బిగించేవాడికీ ఉన్న తేడా పుస్తెలు అమ్మేవాడికీ కట్టేవాడికీ ఉన్నంత. ఆ తేడా అప్పట్లో నాకు తెలియదు. డబ్బా మీద పేరు చదివి గిరాకీ చేతిలో పెట్టీ పెట్టీ, బండి విద్య మొత్తం నాకు వచ్చేసిందనుకునేవాణ్ణి. పెళ్లయి కొన్నేళ్లే అయింది. అత్తవారింట్లో ఇంకా గొప్పలు చెప్పుకునే వయసు.

మా మామ సంగప్ప పటేల్‌ది ఝరాసంగం పక్కన ఊరు. చెరుకు, కంది, జొన్న, వాటన్నిటికంటే ముందు ఒక పాత కారు, ఇవీ ఆయన ఆస్తులు. గుండ్రటి ముక్కు, పొడుగాటి బానెట్టు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు. అత్తను కాపురానికి తెచ్చుకున్నది ఆ కారులోనే. దాన్ని ఎవరైనా బేరం అడిగితే మామ, "నా పెండ్లాన్ని అమ్ముమంటవా?" అని కసిరేవాడు. అత్త లోపలినుంచే, "నన్నన్న అమ్ముతడు గాని గా కారునైతె అమ్మడు" అని జవాబిచ్చేది.

అలాంటి కారు కొట్టంలో ఆగిపోయింది. మామ చెరుకు ట్రాలీ మీంచి జారి పడితే కుడి భుజం పట్టేసింది. హైదరాబాద్ దవాఖానకు పోయివచ్చినా చెయ్యి భుజం దాటి లేవలేదు. ఆ కారు స్టీరింగు చూస్తే అసలే విసుర్రాయి. రెండు చేతులూ, వాటికి తోడు కాస్త పొట్ట బలమూ కలిస్తే గాని తిరగదు. అంతటితో వెనక సీటును కోళ్లు ఆక్రమించాయి. మామ మాత్రం పొద్దుగూకే వేళకు రోజూ కొట్టంలోకి పోయి స్టీరింగు ముందు కూర్చునేవాడు. ఎడమ చెయ్యి దాని మీద వేసి, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఊరికే కూర్చునేవాడు.

ఒకసారి మేం వెళ్లినప్పుడు భోజనాల దగ్గర అత్త ఎత్తుకుంది.

"రాయికోడ్‌ల మా అక్కను జూడక ఎన్నొద్దులాయెనో. ఆటోల వోదమంటె గీయన రాడు. కారు నడిపినోణ్ణి ఆటోల ఇరుక్కోని కూసుంటనా అంటడు. నేనొక్కదాన్ని ఎట్ల వోవాలె?"

 మామ కంచంలోకి చూస్తూ రొట్టె తుంచుకున్నాడు. నాకు జాలేసింది. జాలేసినప్పుడు మనిషన్నవాడు మంచినీళ్లు తాగి ఊరుకోవాలి. నేను నోరు తెరిచాను.

"మామా, నేను జేస్త. కొత్త రకం బండ్లకు మోటరున్న స్టీరింగులొస్తున్నయ్. అది దెచ్చి మన కారుకు బిగిస్త. ఒక్క వేలుతోని తిప్పుతవ్."

మామ తలెత్తాడు. "ఒక్క వేలా?"

"చిటికెన వేలు!"

నా భార్య పద్మ వడ్డించే గరిటె ఆపి నావైపు చూసింది. నల్లా వాషరు మార్చబోయి వంటింటిని కుంట చేసినవాణ్ణని ఆమెకు తెలుసు. చెయ్యి కడుక్కునే చోట చెవిలో అంది: "నాయినకు ఉత్తగ ఆశ వెట్టకున్రి. చేస్తె జెయ్యిన్రి, లేకుంటె ఇప్పుడే లేదని చెప్పున్రి."

లేదని చెప్పేవాణ్ణయితే ఈ కథే లేదు కదా.

ఇక సలీం గురించి చెప్పాలి. నాతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. మా దుకాణం వెనక షెడ్డులో వెల్డింగు, టింకరింగు చేస్తాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో మొహమాటం ఉంది. ఆ రెండోదే మా కొంప ముంచింది.

కోళ్లను ఒప్పించి దింపి, కారును షెడ్డుకు తెచ్చుకున్నాం. తుక్కు దుకాణంలో ఒక చిన్న కారు దొరికింది. వెనకభాగం నుజ్జయిపోయింది గానీ ముందు భాగం చెక్కుచెదరలేదు. దాని స్టీరింగూ, మోటారూ, కింద ఉండే రాక్‌నూ విప్పి తెచ్చాం. రాక్ అంటే పళ్లున్న పొడుగాటి ఇనుప కడ్డీ. స్టీరింగు తిప్పితే అది పక్కకు జరిగి చక్రాలను తిప్పుతుంది. ఆ చిన్న కారులో అది ముందు చక్రాల ఇరుసుకు వెనక ఉండేది. మా పాత కారులో సరిగ్గా అక్కడే ఇంజను ఆయిల్ చాంబర్ అడ్డం కూర్చుంది.

"ఎనుక వట్టకపోతె ముంగట వెడదం" అన్నాను, చాపను ఇటు పరుద్దామా అటు పరుద్దామా అన్నంత తేలిగ్గా.

సలీం తల గోక్కున్నాడు. "చక్రాలను వట్టుకునే ఇనుప చేతులు రెండు ఎనుకదిక్కుకున్నయ్ గదా భాయ్. రాక్ ముంగట వెడితె అందయ్."

"కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చు. రెండు ముంగటికొస్తయ్."

"వస్తయ్. గాని జర సోంచాయించు భాయ్. ఎనుక ఉండేదాన్ని ముంగటికి తెస్తె ఏమన్న ఫరక్ పడ్తదేమో?"

"ఏం ఫరక్? అన్నం ఎటుకెల్లి తిన్నా కడుపులకే వోతది!"

ఆ మాటకు అర్థం ఏమిటని మాత్రం అడక్కండి, నాకు ఇప్పటికీ తెలియదు. కాకపోతే చాలా గట్టిగా అన్నాను. గట్టిగా అన్న మాటకు సలీం ఎదురు చెప్పడు. "నువ్వంటున్నవంటె సహీ ఉంటది" అని వెల్డింగు అద్దం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

బిగింపు అయిపోయింది. కారు బండరాళ్ల మీద నిలబడి ఉంది. చక్రాలు రంగుకు పోయాయి. నాకు ఓపిక ఆగలేదు. ఇంజను స్టార్టు చేసి స్టీరింగు మీద చిటికెన వేలు పెట్టాను. తిరిగింది! వెన్న గిన్నెలో వేలు తిప్పినట్టు తిరిగింది! నా అరుపుకు బజారు సగం షెడ్డులోకి వచ్చేసింది. చాయ్ హోటలాయన ఎక్కి కూర్చుని వేలితో తిప్పి "వాహ్!" అన్నాడు. పక్క టైర్ల దుకాణమాయన తిప్పి "అరె వాహ్!" అన్నాడు. పద్మ కూడా వచ్చి అంతా తేరిపార చూసింది.

"చక్రాలేవి?"

"రంగుకు వోయినయ్."

"చక్రాలే లేకుంటె బండి మంచిగ మలుగుతదని ఎట్ల దెలిసింది?"

"చక్రాలెందుకే, వేలు జూడు, వేలు!"

అందరం వేలునే చూశాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా దగ్గర చక్రాల్లేవు, రోడ్డు లేదు, పేరు మాత్రం వేలు స్టీరింగు. ఆ వేలును వీడియో తీసి మామకు పంపాను. చక్రాలు లేని బండికి ఏ స్టీరింగైనా వేలితో తిరుగుతుంది కదా అని మీరిప్పుడు అనుకుంటున్నారే, ఆ ముక్క అప్పుడు ఒక్కరికీ తట్టలేదు.

వెంటనే మామ ఫోను చేశాడు. గొంతులో ఎన్నడూ వినని హుషారు.

"సూసిన అల్లుడా! మస్తుగుంది. గాని ఒక్క మాట. పూజ గాకముందు కారు రోడ్డెక్కద్దు. మొదటి అడుగు మన వాకిట్ల నిమ్మకాయల మీదనే వడాలె. మా నాయిన ట్రాక్టర్ దెచ్చినప్పుడు గట్లనే జేసిండు."

"గట్లనే మామా."

ఇది విని సలీం గాభరా పడ్డాడు. చక్రాలు బిగిస్తూ బతిమాలాడు. "ఒక్క రౌండ్ కొడదం భాయ్. షెడ్డుకెల్లి చౌరస్తా దాంక వోయి వస్త. మీ మామకు ఎట్ల దెలుస్తది?"

"మామకు దెల్వకపోవచ్చు. నిమ్మకాయకు దెలుస్తది" అన్నాను గంభీరంగా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడికైనా కుందేలు చేతిలో ఉంది. నేను ఎదురుగా ఉన్న నాలుగు చక్రాలనూ నమ్మకుండా ఎక్కడో ఉన్న నిమ్మకాయను నమ్మాను.

కారును తిన్నగా నెట్టి డీసీఎం లారీలోకి ఎక్కించాం. ఊళ్లో లారీ వాకిట్లోకే వచ్చాక తిన్నగా వెనక్కి దింపాం. షెడ్డు తలుపూ, లారీ పలకా, మామ వాకిలీ అన్నీ ఒకే గీత మీద పడి, ఎక్కడా స్టీరింగు తిప్పే పనే రాలేదు. కర్మ ఎంత ఏర్పాటుగా పని చేస్తుందో చూడండి.

పూజ రోజు వాకిలి నిండా జనం. కారుకు బంతిపూల దండ, బానెట్టు మీద విభూతి గీతలు. సలీమే స్వయంగా ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టాడు. వాకిలికి కుడిపక్క గేటు. ఎడమపక్క కొత్తగా తెచ్చి వేసిన జొన్న చొప్ప కుప్ప, ఇంటికప్పును అందుకునేంత ఎత్తు. "చేసినోడివి, మొదలు నువ్వే నడుపు" అన్నాడు మామ. నేను గేటు దాటి వీధి చివర దాకా పోయి రావాలి. తర్వాత ఆయన అత్తను ఎక్కించుకుని రాయికోడ్ పోవాలి. అత్త అప్పటికే పట్టుచీర కట్టుకుని, అక్క కోసం సజ్జరొట్టెలు మూటగట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది.

నిమ్మకాయలు పటపటా చితికాయి. చప్పట్లు మోగాయి. నేను కిటికీలోంచి చిటికెన వేలు బయటపెట్టి అందరికీ చూపించి, అదే వేలితో స్టీరింగును కుడికి తిప్పాను.

కారు ఎడమకు పోయింది.

"గేటు ఇటుంది అల్లుడా!" అని మామ కేక.

"తెలుసు మామా!" అని ఇంకాస్త కుడికి తిప్పాను. కారు ఇంకాస్త ఎడమకు పోయింది.

"భాయ్, రైట్! రైట్!" సలీం పక్కనే పరుగెత్తుతున్నాడు.

"రైటుకే దిప్పుతున్నరా!"

"అయితె ఇంకా దిప్పు!"

ఇంకా తిప్పాను. చెప్పిన మాట వినని ఎద్దులను చూశాను గానీ, చెప్పిన మాటను అంత శ్రద్ధగా విని, అంత పట్టుగా ఎదురు చేసే బండిని చూడటం అదే మొదలు. వేలు పక్కనబెట్టి రెండు చేతులతోనూ తిప్పాను. చుట్టాలు రెండుగా చీలి దారి ఇచ్చారు.

"బ్రేక్ వెయ్యిన్రి! బ్రేకూ!" అది పద్మ గొంతు.

కారుకు బ్రేకు కూడా ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వేశాను. అప్పటికే కారు ముక్కు, దండ, విభూతితో సహా నేను కూడా చొప్ప కుప్పలోకి దూరిపోయాం. కుప్ప పైభాగం ఒకసారి ఊగి, కాసేపు ఆలోచించుకుని, నిమ్మళంగా కారు మీద కూర్చుంది. లోపల చీకటి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు ముందు చొప్ప, వెనక మామ.

"బిడ్డా, బతికున్నవా?" బయటినుంచి అత్త పిలిచింది.

"ఉన్న అత్తా."

"ఉంటె దిగు మరి."

దిగాను. జుట్టులో చొప్ప, చొక్కాలో చొప్ప, నోట్లో కూడా చొప్పే. ఊరు ఊరంతా నవ్వుతోంది, ఫోన్లన్నీ నావైపే ఉన్నాయి. సలీం కారు కిందికి దూరి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"భాయ్, ఎడ్లబండి తోకను కుడికి నూకితె కాడి ఎటు వోతది?"

"ఎడమకు."

"మనం గదే జేసినం. ఎనుకకెల్లి నూకేదాన్ని ముంగటికి తెచ్చి నూకుతున్నం. గందుకే ఉల్టా మలుగుతుంది. నీ అన్నం తప్పు దిక్కుకెల్లి వోయింది భాయ్."

అప్పుడు మామను చూశాను. జనమంతా నవ్వుతుంటే ఆయన ఒక్కడే నవ్వకుండా, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని నిలబడ్డాడు. 'ఉత్తగ ఆశ వెట్టకున్రి' అన్న పద్మ మాట చెవిలో మోగింది. ఊరి నవ్వు నన్నేమీ చేయలేదు గానీ ఆ నిలబడ్డ తీరు చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"మాఫ్ చెయ్యి మామా. ఉల్టా అయింది. తీస్కవోయి సరిచేస్తం."

"ఉల్టా అంటె ఎట్ల? కుడికి దిప్పితె ఎడమకు వోతదా?"

"పోతది మామా."

"ఎడమకు దిప్పితె?"

"కుడికి."

"ఎప్పటికి గట్లనేనా? నడుమల బుద్ధి మారదు గద?"

"మారదు."

మామ కారు దగ్గరికి వచ్చాడు. తలుపు మీది చొప్ప దులిపాడు. ముఖం మీద మెల్లగా నవ్వు పాకింది. "అయితె గింత లొల్లెందుకయ్యా! ఫ్యాక్టరీల చెరుకు ట్రాలీ ఎనుకకు వెట్టుడు గిట్లనే ఉంటది. ట్రాలీ తోక కుడికి వోవాలంటె ట్రాక్టర్ ఎడమకు దిప్పాలె. జిందగంత నేను జేసిన పని గదే. పక్కకు జరుగు."

ఎవరు ఆపేలోపే ఎక్కి కూర్చున్నాడు. తిన్నగా వెనక్కి తీసుకొచ్చి కుప్పలోంచి బయటపడ్డాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేతి చిటికెన వేలితో స్టీరింగును ఎడమకు తిప్పాడు. కారు పెంపుడు లేగదూడలా కుడికి మలిగింది. మళ్లీ తిప్పాడు, వాకిలి చుట్టూ ఒక చుట్టు వచ్చింది. సలీం గేటు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు, ఆ హుషారులో ఆయన రోడ్డెక్కేస్తే మా గతేం కాను?

"ఓ పద్మ నాయినా! సాలు, ఆపు, దిగు!" అని అత్త అరిచింది.

ఆయన ఆపాడు. సరిగ్గా ఆమె ముందే ఆపి, పక్క తలుపు తోశాడు. "ఎక్కు."

అత్త చుట్టూ చూసింది, కొంగు సర్దుకుంది, సజ్జరొట్టెల మూటతో సహా ఎక్కింది. ఇద్దరూ ఆ వాకిట్లో గిరగిరా తిరుగుతూనే ఉన్నారు. పద్మ నా భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. నేను కూడా అంతే, కాకపోతే నాది చొప్ప దురద అని చెప్పుకున్నాను.

కథ ఇక్కడ ఆగితే నా పరువు కాస్తయినా మిగిలేది. మామ కారు తిరిగి ఇవ్వనన్నాడు. పంట కోసిన మడిలో పొద్దుగూకే వేళకు రోజూ షికారు. ఊళ్లో తోలడం వచ్చినవాళ్లంతా ఎక్కి చూసి, తలా ఒకసారి చొప్ప రుచి చూసి దిగారు. "దొంగ ఎత్కవోయినా ఫికర్ లేదు, చొప్పలనే దొర్కుతడు" అని మామ గర్వపడ్డాడు. చివరికి అత్తే అడ్డం తిరిగింది.

"మడిల దిప్పింది సాలు. మా అక్క మడిల లేదు, రాయికోడ్‌ల ఉంది."

"గిట్ల ఉల్టా బండితోని నాయినను రోడ్డు మీదికి పంపేది లేదు" అని పద్మ నాతో తేల్చి చెప్పింది.

కారు మళ్లీ షెడ్డుకొచ్చింది. "ఈపారి నువ్వు మాట్లాడకు భాయ్" అన్నాడు సలీం. ఇన్నేళ్ల స్నేహంలో వాడి నోటినుంచి మొహమాటం లేకుండా వచ్చిన మొదటి మాట అదే. ఇరుసుకు ముందు ఉండేలాగే తయారైన రాక్‌ను వెతికి తెచ్చాడు. చక్రాలు బిగించాక, నిమ్మకాయను జేబులో వేసుకుని, ఖాళీ మైదానంలో రోజుల తరబడి తిప్పాడు. పద్మ వెనక నడుస్తూ చూసింది. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. వేలు మాత్రం ఒక్కటే.

మళ్లీ అదే వాకిలి, అవే నిమ్మకాయలు. ఈసారి తోలేది మామే. పక్కన అత్త, ఒళ్లో మళ్లీ సజ్జరొట్టెలు.

"మామా, ఇప్పుడు సీదా జేసినం. కుడికి వోవాలంటె కుడికే..."

"నాకు చెప్తవా? నువ్వు పుట్టకముందుకెల్లి నడుపుతున్న" అని ఆయన గేటువైపు మలగడానికి చిటికెన వేలితో ఒడుపుగా, అలవాటుగా, ఎడమకు తిప్పాడు.

ఏం జరిగిందో చెప్పాలా? కుప్ప పైభాగం ఒకసారి ఊగింది. ఈసారి ఆలోచించను కూడా లేదు, దారి తెలిసినట్టు నేరుగా వచ్చి కారు మీద కూర్చుంది.

 చొప్ప లోపలినుంచి అత్త గొంతు వచ్చింది.

"అల్లుడు తప్పు జేసినా చొప్పలకే, ఒప్పు జేసినా చొప్పలకే! ఇగ ఆ కుప్పనన్న ఆడికెల్లి తీయిన్రి, లేకుంటె మా అక్క ఇల్లునన్న ఈడికి తెచ్చి వెట్టున్రి!"

కుప్పనే తీశాం. మామ మడిలో పాత అలవాటు మరిచేదాకా తిప్పి, ఒక ఉదయం అత్తతో రోడ్డెక్కాడు. మధ్యాహ్నానికి ఆమె ఫోను. "వచ్చినం బిడ్డా. దారి పొడుగూత ఒక్క వేలుతోనే దెచ్చిండు. లేవని చెయ్యేమో కిటికీల వెట్టి, కనవడ్డోళ్లందరికి నవాబు లెక్క సలాం గొట్టుకుంట వచ్చిండు." ఆ ఫోను విన్న తర్వాత నేను దుకాణంలో ఎవరికి ఏం సామాను ఇచ్చానో నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రమే షెడ్డులో నిలబడి, చేతిలో నిమ్మకాయ పట్టుకుని, సలీం, పద్మల ఎదుట ప్రమాణం చేశాను. ఇకమీదట చక్రాలు చూపించకుండా ఎవరికీ వేలు చూపించను. వెనక ఉండేదాన్ని ముందుకు తేను. అన్నం ఎటునుంచి తింటారన్న విషయం మీద జన్మలో ఉపన్యాసం ఇవ్వను. ప్రమాణం కనుక పద్ధతి ప్రకారం కుడి చెయ్యే పైకెత్తాను.

పద్మ మాత్రం అంత తేలిగ్గా నమ్మలేదు. లేచి నా వెనక్కి వచ్చి నిలబడి, తన కుడి చెయ్యి కూడా ఎత్తి పోల్చి చూసుకుని, అప్పుడు తలూపింది.